తూటాల లెక్క

భయం మనిషికి పుట్టుకతోనే వచ్చే గుణం. నిజజీవితంలో మనం తప్పించుకోవాలనుకునే ఆ భయాన్నే కళలో కోరి అనుభవిస్తాం. అందుకే భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్ని ఎనిమిది రసాలలో ఒకటిగా నిలిపాడు. భయం దానికి స్థాయీభావమని చెప్పాడు. వికృతమైన ధ్వనులు, భూతాలు కనిపించడం, నక్కల, గుడ్లగూబల అరుపులు, శూన్యమైన ఇల్లు, అడవి మొదలైనవి ఆ రసాన్ని పుట్టించే విభావాలని వివరించాడు. 1996లో జపాను దేశంలో వెలువడిన ఒక వీడియో గేమ్‌ను పరిశీలిస్తే ఈ విభావాలలో చాలావరకు అందులో కనిపిస్తాయి. చుట్టూ అడవి, నడుమ ఒక పాత భవనం, మూసిన తలుపు అవతల ఎవరో కాళ్లీడుస్తూ నడుస్తున్న చప్పుడు!

అయితే ఆ ఆటను రూపొందించినవారు ఆటగాని చేతికి తుపాకిని కూడా ఇచ్చారు. ఆయుధం చేతిలో ఉన్నప్పుడు కలగవలసినది ఉత్సాహం. అది వీరరసానికి స్థాయీభావం. ఉత్సాహం ఉప్పొంగినచోట భయానికి తావుండదు. మరి చేతికి తుపాకినిచ్చి కూడా ఆటగాణ్ణి భయపెట్టడం ఎలా సాధ్యమైంది? ఆ ఆటలోని ఆయుధాలు ఎటువంటివో, పోరాట నియమాలు ఏమిటో తెలుసుకుంటే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఆ ఆటకు జపానులో 'బయోహజార్డ్' అని పేరు. ఇతర దేశాలలో అది 'రెసిడెంట్ ఈవిల్'గా ప్రసిద్ధి పొందింది. క్యాప్‌కామ్ సంస్థ దానిని సోనీ వారి ప్లేస్టేషన్ యంత్రం కోసం 1996 మార్చి 22న విడుదల చేసింది. దర్శకుడు షింజి మికామి. నిర్మాత తొకురో ఫుజివారా. ఈ ఫుజివారాయే 1989లో 'స్వీట్ హోమ్' అనే భయానక క్రీడకు దర్శకత్వం వహించాడు. ఆ పాత ఆటను కొత్త యంత్రం మీద తిరిగి నిర్మించాలన్న ఆలోచన క్రమంగా 'బయోహజార్డ్' రూపం దాల్చింది. 'సర్వైవల్ హారర్' అనే పేరు ఈ ఆటతోనే లోకంలో ప్రచారం పొందింది. శత్రుసంహారం కంటె ప్రాణరక్షణకు ప్రాధాన్యమిచ్చే భయానక క్రీడ అని దాని భావం.

కథ 1998 జూలై నెలలో, అమెరికాలోని రక్కూన్ సిటీ అనే కల్పిత నగరపు శివార్లలో జరుగుతుంది. ప్రత్యేక పోలీసు దళానికి చెందిన క్రిస్ రెడ్‌ఫీల్డ్, జిల్ వాలెంటైన్ తమ సహచరులతో కలిసి అడవిలోని ఒక భవనంలో తలదాచుకుంటారు. ఒక ఔషధ సంస్థ రహస్యంగా సాగించిన పరిశోధనల ఫలితంగా వైరస్ సోకి, అక్కడి మనుషులు నడిచే శవాలుగా మారి ఉంటారు. వీరినే జాంబీలంటారు. మన కథలలోని బేతాళుడు కూడా శవాన్ని ఆవహించినవాడే. కాని అతడు కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, తెలివిని మెచ్చుకొంటాడు. జాంబీకి మాట లేదు, విచక్షణ లేదు. ఆకలి ఒక్కటే ఉంది. అందువల్ల ఆటగానికి మిగిలేవి రెండే దారులు: పోరాడడం లేదా పక్కకు తప్పుకొని పారిపోవడం.

పోరాడదలచినవానికి ఆటలో ఆయుధాలు ఒకదాని తరువాత ఒకటిగా లభిస్తాయి. మొదటిది కత్తి. దీనికి తూటాలు అవసరం లేదు. కాని శత్రువు చేయి చాచితే అందేటంత దగ్గరకు వెళ్లి వాడవలసి ఉంటుంది. క్రిస్ పాత్రను ఎంచుకొన్న ఆటగాడు ఈ కత్తి ఒక్కదానితోనే ఆట ఆరంభించాలి. రెండవది బెరెట్టా పిస్తోలు. అసలు బెరెట్టాలోలాగానే ఆటలో కూడా దాని మ్యాగజైనులో 15 తూటాలు పడతాయి. ఒక్క జాంబీని నేలకూల్చడానికే అనేక తూటాలు ఖర్చవుతాయి గనుక 15 అనే సంఖ్య చూడడానికి పెద్దదైనా వాడుకలో చిన్నదే. మూడవది షాట్‌గన్. ఇందులోని ఒక్కొక్క తూటాలో ఎన్నో చిన్న గుండ్లుంటాయి. అవి గొట్టం దాటగానే చెదరిపోతాయి. అందువల్ల దూరాన ఉన్న శత్రువు మీద దాని ప్రభావం తక్కువ, దగ్గరి శత్రువు మీద ఎక్కువ. గొట్టాన్ని పైకెత్తి, జాంబీ బాగా సమీపించేదాకా ఆగి పేలిస్తే ఒక్క తూటాతోనే దాని తల తెగిపోతుంది. ఇక కోల్ట్ పైథాన్ రివాల్వరు మిక్కిలి శక్తిమంతమైనది. కాని దానిలో పట్టేవి ఆరు గుండ్లే. ఆ గుండ్లు కూడా భవనమంతా వెదికితే అరుదుగా దొరుకుతాయి.

షాట్‌గన్ విషయంలో ఒక సూక్ష్మాన్ని గమనించాలి. తూటా ఆదా కావాలంటే ఆటగాడు తన భయాన్ని తనకు అతి సమీపంలోకి రానివ్వాలి. తొందరపడి దూరం నుంచే పేల్చినవాడు క్షేమంగా ఉంటాడు గాని తూటాలు పోగొట్టుకొంటాడు. నిబ్బరంగా ఆగినవాడు తూటాలు మిగుల్చుకొంటాడు గాని ప్రాణాన్ని పణంగా పెడతాడు. ఈ తుపాకిని సంపాదించడంలో కూడా ఒక చిక్కుంది. అది ఒక గది గోడకు కొక్కేల మీద అమర్చి ఉంటుంది. దానిని తీసుకొని వెనుదిరిగితే పక్క గది పైకప్పు మెల్లగా కిందికి దిగి మనిషిని నలిపివేయజూస్తుంది. తీసిన తుపాకి స్థానంలో మరొకచోట దొరికే విరిగిన తుపాకిని పెడితే ఆ యంత్రం కదలదు. ఏ ఆయుధమూ ఊరక రాదన్న సంగతిని ఆట ఈ విధంగా ఆరంభంలోనే తెలియజేస్తుంది.

ఇక గురిపెట్టే పద్ధతి. ఒక మీటను అదిమి పట్టుకొంటే పాత్ర తుపాకి ఎత్తుతుంది. ఎత్తినంతసేపు అడుగు ముందుకు గాని వెనుకకు గాని వేయలేదు. నిలిచినచోటనే అటూ ఇటూ తిరగవచ్చు. గొట్టాన్ని పైకి, తిన్నగా, కిందికి మాత్రమే చూపవచ్చు. పోరాటానికి నిశ్చయించుకొన్నవాడు పారిపోయే అవకాశాన్ని ఆ కాసేపు వదులుకోవలసిందే. నడక కూడా సులభమైనది కాదు. పాత్ర ముఖం ఎటు ఉంటే అటే ముందుకు సాగుతుంది. దిశ మారాలంటే యుద్ధ ట్యాంకు వలె పాత్రను అటో ఇటో తిప్పాలి.

దీనికి తోడు కెమెరా ఆటగాని అదుపులో ఉండదు. ఆనాటి యంత్రానికి విశాలమైన గదులను ఎప్పటికప్పుడు సవివరంగా చిత్రించే శక్తి లేదు. అందువల్ల ప్రతి గదినీ ముందుగానే నిశ్చలచిత్రంగా సిద్ధం చేసి, దాని మీద పాత్రలను కదిలించారు. గది మూలనుండో, పైకప్పునుండో ఒక స్థిరమైన కోణంలో మాత్రమే దృశ్యం కనిపిస్తుంది. కాబట్టి శత్రువు పాత్రకు ఎదురుగానే ఉన్నా ఆటగానికి కనిపించకపోవచ్చు. అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. కనబడని శత్రువు మీదికి, చప్పుడును బట్టి, విలువైన తూటాను పేల్చాలా వద్దా అన్న సందిగ్ధంలో ఆటగాడు పడతాడు. యంత్రానికున్న పరిమితి ఈ విధంగా రసపోషణకు సాధనమైంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది సంచి నియమం. క్రిస్ ఆరు వస్తువులను, జిల్ ఎనిమిది వస్తువులను మాత్రమే మోయగలరు. తుపాకి ఒక స్థానాన్ని ఆక్రమిస్తుంది. దాని తూటాలకు మరొక స్థానం కావాలి. గాయాలను మాన్పే మూలికకు ఇంకొకటి, తలుపులు తెరిచే తాళంచెవులకు వేరొకటి. రెండు తుపాకులు తీసుకొని వెళితే దారిలో దొరికిన తాళంచెవిని ఉంచుకొనే చోటుండదు. మిగిలిన వస్తువులను కొన్ని గదులలో ఉండే పెట్టెలో దాచుకోవచ్చు. అంతదాకా సాగించిన ఆటను భద్రపరచుకోవాలంటే టైప్‌రైటర్ ఉన్న గదికి చేరాలి. దానికి సిరా రిబ్బను కావాలి. ఆ రిబ్బన్లు కూడా పరిమితమే. పైగా ఈ ఆటలో చచ్చిన శత్రువు నుంచి తూటాలు లభించవు. భవనంలో అక్కడక్కడ ఉంచినవెన్నో అన్నే. వృథా చేసిన ప్రతి తూటాకు చివరిదాకా లోటు అనుభవించవలసిందే.

ఈ స్థితి మన సాహిత్యానికి కొత్తది కాదు. కర్ణుడు కవచకుండలాలను ఇంద్రునికి దానమిచ్చి శక్తి అనే ఆయుధాన్ని పొందాడు. దానిని ఒక్కసారి మాత్రమే ప్రయోగించగలడు. అర్జునుని కోసం ఎంతో కాలం దానిని దాచుకొన్నాడు. కురుక్షేత్రంలో పద్నాలుగవ నాటి రాత్రియుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చెండాడుతుండగా, తనవారి ఆక్రందనలు వినలేక ఆ శక్తిని అతని మీద ప్రయోగించాడు. ఘటోత్కచుడు కూలాడు గాని, అర్జునుని ఎదుట కర్ణుని చేయి ఖాళీ అయింది. ఎదుటనున్న ఆపద పెద్దదా, రాబోయే ఆపద పెద్దదా అని కర్ణుడు పడిన వేదననే ఈ ఆట తన స్థాయిలో ప్రతి ఆటగానికీ రుచి చూపిస్తుంది.

2002లో మికామి ఈ ఆటను నింటెండో వారి గేమ్‌క్యూబ్ యంత్రం కోసం పునర్నిర్మించాడు. అందులో ఒక కొత్త నియమం చేర్చాడు. నేలకూలిన జాంబీ తలను ఛేదించడం గాని, దేహాన్ని కాల్చడం గాని చేయకపోతే అది కొంతసేపటికి మునుపటికంటె వేగంగా, భీకరంగా లేచి వస్తుంది. కాల్చడానికి కిరోసిన్ కావాలి. అది కూడా పరిమితంగానే దొరుకుతుంది. దీనితో చంపడం కూడా పూర్తి పరిష్కారం కాకుండా పోయింది. ఒక నడవలో శత్రువును చంపడం మేలా, తప్పించుకొని పోవడం మేలా అన్నది ఆ నడవలో తిరిగి ఎన్నిసార్లు నడవాలో ఆలోచించి నిర్ణయించవలసిన విషయమైంది.

ఈ ఆటలను రూపొందించినవారు తుపాకి అరుదైన సమాజానికి చెందినవారు కావడం గమనించదగిన విషయం. జపానుకు తుపాకి 1543లో తనెగషిమ దీవికి చేరిన పోర్చుగీసు వర్తకుల ద్వారా వచ్చింది. 1588లో తొయొతొమి హిదెయొషి రైతుల నుంచి కత్తులను, తుపాకులను స్వాధీనం చేసుకొనే ఆజ్ఞ జారీ చేశాడు. 1958లో వచ్చిన ఆయుధ నియంత్రణ చట్టం ప్రకారం సామాన్య పౌరులు పిస్తోలు కలిగి ఉండడం నిషిద్ధం. వేటకు, క్రీడకు వాడే తుపాకులకు సైతం కఠినమైన పరీక్షల తరువాతనే అనుమతి లభిస్తుంది. 'బయోహజార్డ్' కథ అమెరికాలో జరుగుతుంది గనుక గోడ మీద తుపాకి, సొరుగులో తూటాలు కనిపించడం అసహజంగా తోచదు.

కథాస్థలం జపాను అయినప్పుడు ఆయుధమే మారిపోయింది. 2001లో టెక్మో సంస్థ విడుదల చేసిన 'జీరో' అనే ఆటలో, ఒక పాత జపాను భవంతిలో అన్న కోసం వెదికే యువతి చేతిలో తుపాకి ఉండదు. పాతకాలపు కెమెరా ఉంటుంది. దానితో ఫోటో తీస్తే ప్రేతాత్మ శక్తి క్షీణిస్తుంది. ప్రేతం మీదికి దూకబోయే క్షణం దాకా ఆగి తీసిన ఫోటోకు బలం ఎక్కువ. తూటాల బదులు ఇక్కడ ఫిల్ము పరిమితం. షాట్‌గన్ సూత్రమే ఇక్కడ కెమెరాకు అన్వయించింది. 1999లో కొనామి సంస్థ వెలువరించిన 'సైలెంట్ హిల్' ఆటలోని కథానాయకుడు పోలీసు కాదు, సామాన్యుడైన ఒక రచయిత. పరుగెత్తితే ఆయాసపడతాడు. అతని చేతిలోని ఇనుప గొట్టం, తుపాకి అతని నేర్పును గాక నిస్సహాయతను తెలియజేస్తాయి.

2005లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 4'తో మికామి తాను నెలకొల్పిన సంప్రదాయాన్ని తానే మార్చాడు. కెమెరా కథానాయకుని భుజం వెనుకకు చేరింది. తుపాకి నుంచి వెలువడే ఎర్రని కాంతిరేఖతో శత్రువు శరీరంలో కోరిన చోట గురిపెట్టవచ్చు. మోకాలికి తగిలితే తూలిపడతాడు. తలకు తగిలితే దిమ్మెరపోతాడు. అప్పుడు దగ్గరకు వెళ్లి కాలితో తన్నవచ్చు. కూలిన శత్రువుల నుంచి తూటాలు కూడా లభిస్తాయి. అయినా తుపాకి ఎత్తినప్పుడు అడుగు కదలరాదన్న పాత నియమాన్ని మాత్రం అట్టే ఉంచాడు. ఈ ఒక్క కట్టడి వల్లనే గొడ్డళ్లతో చుట్టుముట్టే గుంపు ఎదుట భయం నిలిచింది. తరువాతి భాగాలలో తూటాలు పెరిగాయి, పేలుళ్లు పెరిగాయి. 2012 నాటి ఆరవ భాగంలో గురిపెడుతూ నడవడం కూడా సాధ్యమైంది. ఉత్సాహం భయాన్ని మింగివేసిందని చాలామంది విమర్శించారు. 2017 నాటి ఏడవ భాగంలో సంస్థ తిరిగి పాడుపడిన ఇంటికి, కొద్దిపాటి తూటాలకు మరలింది. 2019లో పునర్నిర్మించిన రెండవ భాగంలో నడుస్తూ కాల్చవచ్చు గాని, కదలక నిలిచినవానికే గురి కుదురుతుంది. పాత నియమం కొత్త వేషంలో తిరిగి వచ్చిందన్నమాట.

ఈ ఆటలలో రక్తపాతం అధికం. అందుకే చాలా దేశాలలో వీటిని 17, 18 సంవత్సరాలు నిండినవారికే ఉద్దేశించినవిగా వర్గీకరించారు. ఆ హద్దును పాటించడం విజ్ఞత. అయితే వీటి నిర్మాణంలోని వివేకాన్ని గ్రహించడానికి ఆడి తీరవలసిన పని లేదు. తుపాకి చేతికి వస్తే బలవంతుణ్ణయ్యానన్న భ్రమ ఎవరికైనా కలుగుతుంది. ఉత్తమమైన భయానక క్రీడ ఆ భ్రమను తొలగిస్తుంది. ప్రతి తూటాకు ముందు ఇది అవసరమా అని అడుగుతుంది. అవసరం లేదనుకొని పక్కకు తప్పుకొన్నవాణ్ణి పిరికివాడని నిందించదు, తెలివైనవాడని ముందుకు పంపుతుంది. పొరపడినవాడు సైతం టైప్‌రైటర్ ఉన్న గది నుంచి ఆటను మళ్లీ మొదలుపెట్టవచ్చు. జీవితంలో పేలిన తూటాకు అటువంటి గది ఎక్కడా లేదు.