వనభోజనాలకు వెళ్లొచ్చిన పదో రోజు జ్వరం

కార్తీకం వచ్చిందంటే మన గోదావరి వాళ్ల కాళ్లు ఇంట్లో నిలవవు. ఒకప్పుడు ఊరి చివర ఉసిరిచెట్టు కిందో, కొబ్బరితోటలోనో విస్తళ్లు వేసుకుంటే వనభోజనం అయిపోయేది. ఇప్పుడు ఆత్రేయపురం నుంచి మూడు నాలుగు కుటుంబాలు కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటున్నాయి. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి అడవికి వెళ్లిపోతున్నారు. రాత్రికి కొందరు గుడారాల్లో, చోటు చాలని వాళ్లు బండిలోనే పడక. విదేశాల్లో ఉన్న పిల్లలు క్యారవాన్ ముందు నిలబడి ఫొటోలు పంపిస్తుంటారు చూడండి, దానికి ఇది మన ఊరి రూపం. వాగులో స్నానం, బొంగు చికెన్, చలిమంట చుట్టూ కబుర్లు. కార్తీకంలో చికెనేమిటని నన్నడక్కండి, ఆ సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసుకుంటారు.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. వెళ్లొచ్చాక మూడు వారాల పాటు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది.

ఆ మధ్య మా వార్డుకు ఆత్రేయపురం వైపు నుంచి ఒకావిడ వచ్చారు. ఇంట్లోనే పూతరేకులు తీస్తారు. వారం రోజులుగా విడవని జ్వరం, తల పగిలిపోయే నొప్పి, ఒళ్లంతా నొప్పులు. బయట వైడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారట. ఐదు రోజులు ఇంజెక్షన్లు పడ్డా జ్వరం దిగలేదు. ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగీ అనుకున్నారు, ఆ పరీక్షలో లేదని వచ్చింది. మా దగ్గరకు వచ్చేసరికి ఆయాసం మొదలైంది, లివర్ ఎంజైములు పెరిగాయి.

మొదటి రోజు నేనూ అడగాల్సిన ప్రశ్న అడగలేదు. రెండో రోజు రౌండ్స్‌లో అడిగాను, ‘‘అమ్మా, ఈ నెల రోజుల్లో ఊరు దాటి ఎక్కడికైనా వెళ్లారా?’’ అని.

‘‘ఎక్కడికీ లేదండి, రేకుల పని వదిలి ఎక్కడికి వెళ్తామండి’’ అన్నారావిడ. పక్కనున్న కూతురు అందుకుంది. ‘‘మొన్న మారేడుమిల్లి వెళ్లాం కదమ్మా. నువ్వు గడ్డిలో దుప్పటేసుకుని మధ్యాహ్నమంతా పడుకున్నావు కూడానూ.’’

లెక్క వేస్తే, అడవి నుంచి వచ్చిన పదో రోజున జ్వరం మొదలైంది. మా సిస్టర్ తెర వేసి ఒళ్లంతా చూస్తే, నడుము దగ్గర, సరిగ్గా లంగా బొందు కింద, చిన్న నల్లటి చెక్కు కనిపించింది. చుట్టూ ఎర్రగా, అచ్చం సిగరెట్టుతో కాల్చిన మచ్చలా ఉంది. నొప్పీ దురదా లేవు కాబట్టి ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. ఎవరికీ చూపించనూ లేదు.

అది స్క్రబ్ టైఫస్. పేరు దగ్గరగా ఉంది కానీ టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం లేదు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది. ఇది గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే పురుగు కుట్టడం వల్ల వస్తుంది. పురుగంటే నల్లిలా కనిపించేదనుకునేరు, ఇది కంటికి ఆనదు. ఎలుకల మీద బతికే ఒక జాతి మైట్ పిల్ల. మనిషి గడ్డిలో కూర్చుంటే బట్టల్లోకి పాకి, చర్మం ముడతపడే చోటో, బట్ట బిగుతుగా ఉండే చోటో కుడుతుంది. దాని నుంచి ఒరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. ఆ జపాన్ పేరును బట్టే తెలుస్తుంది, ఇది మన ఒక్కరి జబ్బు కాదని. జపాన్ నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంది. అక్కడి క్యారవాన్ పార్కుల్లో దిగే మన పిల్లలకూ ఈ మాట పనికొస్తుంది.

కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో జ్వరం వస్తుంది. చిక్కంతా అక్కడే. అప్పటికి ఫొటోలు చూడటం కూడా అయిపోతుంది. జ్వరాన్నీ అడవినీ ఎవరూ కలిపి ఆలోచించరు.

ఇంకో చిక్కుంది. టైఫాయిడ్‌కు మామూలుగా వాడే సెఫ్ట్రియాక్సోన్, సెఫిగ్జిమ్ లాంటి మందులు దీని మీద పనిచేయవు. పనిచేసేది డాక్సీసైక్లిన్, చాలా చవక మందు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తాం. అలాగని మందుల షాపుకెళ్లి మీరే కొనుక్కోకండి. ఆలస్యమైన కొద్దీ ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అదే సకాలంలో మందు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం జారిపోతుంది. ఆవిడకు రెండో రోజు సాయంత్రానికి దిగింది. ఆయాసం తగ్గడానికి మాత్రం వారం పట్టింది.

ఖాయం చేసుకోవడానికి ఐజీఎం ఎలైసా రక్తపరీక్ష ఉంది. మొదటి నాలుగైదు రోజుల్లో చేస్తే లేదని రావచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెడతాం. ఆ అనుమానం రావాలంటే మీరు చెప్పాలి, ‘‘ఫలానా రోజున అడవికి వెళ్లామండి’’ అని. నల్లమచ్చ అందరికీ ఉండదు. ఉంటే మాత్రం చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర, చెవుల వెనక దాక్కుంటుంది. సిగ్గుపడకుండా ఇంట్లో వాళ్లనైనా చూడమనండి. చిన్నపిల్లలకైతే స్నానం చేయించేటప్పుడే వెతకండి.

మన్యం వెళ్లొచ్చిన వాళ్ల జ్వరంలో మలేరియానూ వదలకూడదు. ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కుతుంది. వైవాక్స్ రకమైతే నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. పీహెచ్‌సీలో కిట్‌తో పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రయాణంలో జాగ్రత్తలు పెద్ద కష్టమైనవి కావు. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు. ప్లాస్టిక్ పట్టానో, మడత కుర్చీలో తీసుకెళ్లండి. వాగులో తడిసిన బట్టలు పొదల మీద ఆరేయడం మనవాళ్లందరికీ అలవాటు, అది మానండి. బండిలో ఒక తాడు పడేసుకుంటే రెండు చెట్లకు కట్టుకోవచ్చు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. డీట్ ఉన్న క్రీము రాసుకోండి, పిల్లలకైతే దాని మీద రాసిన వయసు చూసి. రాత్రి దోమతెర వాడండి. మిగిలిన తిండి పడుకునే చోటు దగ్గర ఉంచొద్దు, ఎలుకలు వస్తాయి. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, విడిచిన బట్టలు వేణ్నీళ్లలో నానబెట్టండి.

అడవికి వెళ్లనివాళ్లకు భయం లేదని కాదు. గట్ల మీద పెరిగిన కలుపు, తోటల్లో గడ్డి, పెరట్లో ఎలుకలు తిరిగే కట్టెల కుప్ప, ఇవన్నీ ఈ పురుగుకు నచ్చే చోట్లే. వానలు వెనకబట్టాక మొదలై చలికాలం దాకా కేసులు ఎక్కువగా చూస్తుంటాం.

మొన్న ఆవిడ కూతురు బీపీ మాత్రలు తీసుకోవడానికి నాన్నగారితో ఆసుపత్రికి వచ్చింది. ఈ ఏడూ మారేడుమిల్లే వెళ్తున్నారట. ‘‘ఈసారి అమ్మ అందరికంటే ముందు పట్టా సర్దిందండి, డాక్టరు గారూ’’ అంది.