ధ్రువ నక్షత్రం కింద ఎర్ర మెరుపు

యాసంగి కోతలప్పుడు ఎల్లారెడ్డిపేటలో మబ్బు పట్టిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేవి పరదాలే. కొనుగోలు కేంద్రం దగ్గర ఆరబోసిన వడ్లను కుప్పకెత్తాలి, పరదా కప్పాలి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టాలి. ఆ ఉరుకులాటలో ఆకాశం వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. నేను చెప్పబోయేది ఆ మబ్బు గురించి కాదు. నెత్తిమీద చుక్కలు స్పష్టంగా ఉండి, ఉత్తరాన నేల అంచున మాత్రం చప్పుడు లేకుండా మెరుస్తూ ఉండే రాత్రులు ఉంటాయి. ఎక్కడో వాన పడుతోందనుకుని ఆరుబయట మంచం వాల్చుకుంటాం. కెమెరా ఉన్నవాళ్లు నిద్ర మానుకోవలసిన రాత్రి అదే.

ఆ దూరపు మేఘానికి ఎంతో పైన, విమానాలు ఎగిరే ఎత్తుకు అయిదారు రెట్ల ఎత్తులో, ఒక్కోసారి ఎర్రటి వెలుగు పుట్టి మాయమవుతుంది. శాస్త్రజ్ఞులు దానికి స్ప్రైట్ అని పేరు పెట్టారు. మేఘం కొన 15 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే, స్ప్రైట్ 50 నుంచి 90 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. చూడటానికి ఊడలు దిగిన మర్రిచెట్టులా ఉంటుంది. పైన గుబురుగా ఎరుపు, కింద సన్నటి ఊడలు, ఆ ఊడల చివర్లలో కాస్త నీలం. ఇంత పెద్ద చెట్టు సెకనులో పదో వంతు కాలం నిలిస్తే ఎక్కువ.

ఇలాంటిది ఉండి తీరాలని లెక్క కట్టి చెప్పినవాడు స్కాట్లాండ్‌కు చెందిన సి.టి.ఆర్. విల్సన్. క్లౌడ్ చాంబర్‌కు 1927లో నోబెల్ అందుకున్నది ఆయనే. ఉరుము మేఘాల పైన మెరుపులు పుట్టే అవకాశం ఉందని 1920లలోనే రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు విమాన చోదకులు ‘మేఘం మీద ఏదో వెలిగింది’ అని చెబుతూనే ఉన్నారు. ఫొటో లేదు కనుక వాళ్ల మాటకు విలువ దక్కలేదు. 1989 జులైలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ బృందం, రాకెట్ ప్రయోగం కోసం తెచ్చుకున్న మసక వెలుతురు కెమెరాను రాత్రి ఆకాశం వైపు తిప్పి పరీక్షించింది. దూరాన ఒక తుఫాను మేఘం ఉంది. తర్వాత టేపు చూస్తే, ఆ మేఘం పైన రెండు వెలుగు స్తంభాలు దొరికాయి. 1994లో అలాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు విమానాల నుంచి రంగు బొమ్మలు తీశాక, అవి ఎర్రగా ఉంటాయని తేలింది. 2003 జనవరిలో కొలంబియా అంతరిక్ష నౌక నుంచి కూడా వీటిని చిత్రించారు. ఆ పని చూసిన వ్యోమగామి ఇలాన్ రామోన్, మన కల్పనా చావ్లా ఒకే జట్టులో పనిచేశారు. నౌక కూలిపోయినా, అంతకుముందే కిందికి పంపిన దృశ్యాలు మిగిలాయి.

విల్సన్ లెక్క మొత్తం చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే అంత సులువైనది, అంత అందమైనది. నేల దగ్గర గాలిలో మెరుపు పుట్టాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు కావాలి. గాలి పలచబడేకొద్దీ అంత అవసరం ఉండదు. 75 కిలోమీటర్ల ఎత్తున గాలి నేల దగ్గరి కంటే దాదాపు 30 వేల రెట్లు పలచన, కాబట్టి అక్కడ మీటరుకు 100 వోల్టులు చాలు. ఇక మేఘంలోని విద్యుదావేశం చూపించే బలం కూడా పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అయితే గాలి పలచబడినంత వేగంగా తగ్గదు. రెండూ దిగుతూనే ఉంటాయి, కానీ ఒకటి మెట్లు దిగుతున్నట్టు, ఇంకొకటి బావిలో రాయి పడ్డట్టు. ఎక్కడో ఒక ఎత్తులో బలం పైచేయి అవుతుంది. అక్కడ గాలి వెలుగుతుంది. పలచని గాలిలో నైట్రోజన్ అణువులు తాపీగా ఎర్ర కాంతిని వదులుతాయి. కింద ఒత్తిడి ఎక్కువ ఉన్నచోట, వదిలేలోపే పక్క అణువులు గుద్దుకుని ఆ శక్తిని లాగేసుకుంటాయి. ఊడల చివర ఎరుపు పోయి నీలం మిగలడానికి కారణం ఇదే.

స్ప్రైట్‌ను ప్రతి పిడుగూ పుట్టించలేదు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ప్రాణాలు కూడా తీసిన రోజు అది. పిడుగులు ఎన్ని పడినా స్ప్రైట్‌కు తగినవి కొన్నే. నేలకు దిగే పిడుగుల్లో చాలావరకు రుణావేశాన్ని మోసుకొస్తాయి. పదింటిలో ఒకటి మాత్రం ధనావేశంతో దిగుతుంది. పెద్ద మేఘ సముదాయం ముందుభాగం కుండపోతగా కురిసి పోయాక, వెనక సన్నగా జల్లు పడే విశాలమైన తోకభాగం ఉంటుంది. ఆ తోక నుంచి దిగే బలమైన ధన పిడుగే ఎక్కువగా స్ప్రైట్‌ను రాజేస్తుంది. అందుకే గాలిదుమారం తగ్గి, మెరుపులు పలచబడ్డాయని మనం అనుకునే వేళ ఫొటోగ్రాఫర్‌కు అసలు వేళ.

ఎల్లారెడ్డిపేట నుంచి ఎటు చూడాలి? ఎండాకాలపు మధ్యాహ్నాల్లో విదర్భ మీద పుట్టే మేఘాలు రాత్రికి పెద్దవై నిలిచిన రోజు ఎంచుకోండి. నాగపూర్ మనకు ఇంచుమించు ఉత్తరాన, 300 కిలోమీటర్ల దూరం. మధ్యలో మనవైపు ఆకాశం తేటగా ఉండాలి. ఇంత దూరంలో భూమి వంపు ఏడు కిలోమీటర్ల ఎత్తును మింగేస్తుంది, కాబట్టి మేఘం నేల అంచు మీద వేలు మందంగా మాత్రమే కనిపిస్తుంది. ఆ పైన స్ప్రైట్ ఎంత ఎత్తున వస్తుంది? చేయి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి దాదాపు పది డిగ్రీలు. స్ప్రైట్ ఎనిమిది డిగ్రీల దగ్గర మొదలై పద్నాలుగు, పదిహేను వరకు పోతుంది, అంటే ఒకటిన్నర పిడికిలి. ధ్రువ నక్షత్రం ఎత్తు ఏ ఊరి నుంచి చూస్తే ఆ ఊరి అక్షాంశమంత, ఎల్లారెడ్డిపేటకు పద్దెనిమిది డిగ్రీలు దాటి. నాగపూర్ మేఘం మీద పూచే ఎర్ర చెట్టు ధ్రువుడి కింద, కాస్త కుడివైపు నిలుస్తుంది.

పెళ్లిళ్ల కాలమూ ఇదే. అరుంధతిని చూస్తున్న దంపతులను తీసే కెమెరాయే ఈ పనికీ సరిపోతుంది. కెమెరాను స్టాండు మీద బిగించి, 50 మిల్లీమీటర్ల లెన్సు నిండా తెరవండి, ఎఫ్/1.8 అయితే మేలు. ఐఎస్ఓ 3200 నుంచి 6400 మధ్య ఉంచి, రెండేసి సెకన్ల ఫొటోలు ఎడతెగకుండా తీయాలి. ఆటోఫోకస్ ఆపేసి, తెర మీద ధ్రువ నక్షత్రాన్ని పెద్దది చేసి, అది చుక్కగా మారేదాకా చేత్తో రింగు తిప్పండి. నేల అంచు ఫ్రేము అడుగున సన్నగా ఉండాలి, ధ్రువుడు పైభాగంలో ఉండాలి. చంద్రుడు లేని రాత్రి కావాలి. రోడ్డు దీపాలు, వరికోత యంత్రాల లైట్లు వీపు వెనక్కి పోయేలా పొలం గట్టున ఉత్తరం వైపు నిలబడండి. కంటితో స్ప్రైట్‌ను పట్టుకోవడం కష్టం. చీకట్లో మన కంటికి ఎరుపు సరిగా ఆనదు. సెన్సరు దాన్ని చూస్తుంది.

ఉరుము వినిపిస్తే మాత్రం స్టాండు మడిచి ఇంట్లోకి నడవాలి. ఉరుము చప్పుడు 15, 20 కిలోమీటర్లకు మించి వినబడదు. వినబడిందంటే మీరు పిడుగు అందే చోట, బయలు పొలంలో, లోహపు కడ్డీ పక్కన నిలబడి ఉన్నారని అర్థం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. ఫోనులో అది తెరిచి పెట్టుకోండి. ఇక్కడి ఫొటోకు ఆ మేఘం దూరంగా ఉండటమే మేలు. ఎల్లారెడ్డిపేట మీద వడగళ్లు కురిసే రాత్రి, ఆ మేఘం నెత్తిన పూచే ఎర్ర వెలుగును తీయగలిగేది నాగపూర్ పక్క పల్లెలో ఉన్నవాళ్లే.

2022 మే 19 రాత్రి ఇలాగే జరిగింది. గంగా మైదానం నుంచి టిబెట్ పీఠభూమి అంచుల దాకా పరుచుకున్న మేఘ సముదాయం పైన, టిబెట్ వైపున్న ఒక సరస్సు ఒడ్డున నిలబడిన ఇద్దరు చైనా ఫొటోగ్రాఫర్లు ఒక్క రాత్రిలో 105 స్ప్రైట్లు పట్టుకున్నారు. ఏ స్ప్రైట్‌ను ఏ పిడుగు పుట్టించిందో తేల్చాలంటే సమయం కచ్చితంగా తెలియాలి. ఆ దృశ్యాల్లో కదిలిపోతున్న ఉపగ్రహాలను, నక్షత్రాల స్థానాలను ఆధారం చేసుకుని చైనా శాస్త్రజ్ఞులు ఒక్కో ఫ్రేము సమయాన్ని వెనక్కి లెక్కకట్టారు. ఆ తర్వాతే పిడుగుల నమోదుతో జత కుదిరింది.

మనం అంత పని వాళ్లకు మిగల్చనక్కరలేదు. మొదలుపెట్టేముందు కెమెరా గడియారాన్ని ఫోను గడియారంతో సెకను తేడా లేకుండా కలపండి. మూడు గంటలు తీస్తే 5,400 ఫ్రేములు వస్తాయి, తెల్లారి ఒక్కొక్కటీ చూడాలి. దాదాపు అన్నీ చీకటే. ఒక ఫ్రేములో మేఘం తెల్లగా వెలిగి, దానికి చాలా పైన ఎర్రటి గీతలు కనిపించి, ముందు వెనక ఫ్రేముల్లో అక్కడ ఏమీ లేకపోతే, చుక్కలన్నీ వాటి చోట వాటివే ఉంటే, మీకు దొరికినట్టే. ఎర్రటి భాగం కత్తిరించి వాట్సాప్‌లో పంపాలనిపిస్తుంది, పంపండి. అసలు ఫైలు మాత్రం చెరపకండి. మేఘం ఎటువైపు ఉందో, స్ప్రైట్ ఎంత ఎత్తున వెలిగిందో చెప్పే ధ్రువ నక్షత్రం ఆ ఫైలు పైభాగంలో ఉంది.