సాయంత్రం 20 నిమిషాల పడవ: హోయి ఆన్‌లో చూసింది, మన అవుకులో చూసుకోవాల్సింది

ఈ ఎపిసోడ్ టాపిక్ చాలా చిన్నది. ఎండ తగ్గాక, చీకటి పడకముందు, ఒక 20 నిమిషాలు పడవ ఎక్కి తిరిగి రావడం. అంతే. ఇందులో ఎపిసోడ్ చేసేంత ఏముందప్పా అంటారా? చాలానే ఉంది. ఆ నీళ్లు ఎక్కడివి, పడవ ఎందుకు నిలబడుతుంది, ఎప్పుడు తిరగబడుతుంది, ఎక్కే ముందు మనం ఏం చూడాలి, ఇవన్నీ ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

మాది అహోబిలం దగ్గర అని రెగ్యులర్‌గా చూసేవాళ్లకు తెలుసు. మా ఊళ్లో భవనాశి ఉంది గానీ, వానలు పడితేనే అది పారుతుంది. పారినా పడవ వేసేంత నీళ్లు ఉండవు, రాళ్ల మధ్య దూకుతూ పోతుంది. అందుకే మా వైపు చాలామంది జీవితంలో మొదటిసారి పడవ ఎక్కేది టూర్‌కి పోయినప్పుడే. ఈత రాదు, పడవ అలవాటు లేదు, అయినా ఫోన్ చేతిలో ఉంటుంది కాబట్టి ధైర్యం మాత్రం ఎక్కువ. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా వాళ్ల కోసమే.

హోయి ఆన్‌లో పద్ధతి ఎట్లుంటుంది

ముందు వియత్నాం సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది మెసేజ్‌లు పెట్టి అడిగారు. హోయి ఆన్ అనేది దనాంగ్ ఎయిర్‌పోర్టుకు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత రేవు పట్నం. 15వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా చైనా, జపాన్ వర్తకులు అక్కడ వ్యాపారం చేశారు. తర్వాత నదిలో మేట వేసి పెద్ద ఓడలు రాలేకపోయాయి, వ్యాపారం దనాంగ్‌కు పోయింది. ఊరు వెనకబడిపోయింది. వెనకబడింది కాబట్టే పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టలేదు. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి జపనీస్ వంతెన బొమ్మ వాళ్ల 20,000 డాంగ్ నోటు మీద కూడా ఉంటుంది.

ఊరి మధ్యలో హోయ్ నది. అది థు బోన్ నదికి ఒక పాయ. సాయంత్రం కాగానే చిన్న చిన్న చెక్క పడవలు, వాటికి రంగు రంగుల లాంతర్లు. నేను ఇద్దరు ఫ్రెండ్స్‌తో వెళ్లాను. బోర్డు మీద రేటు రాసి ఉంది: ముగ్గురి దాకా అయితే 150,000 డాంగ్, నలుగురైదుగురు అయితే 200,000. లక్షల్లో ఉందని కంగారు పడొద్దు, 150,000 డాంగ్ అంటే మన డబ్బుల్లో సుమారు 500 రూపాయలు. టైం 20 నిమిషాలు. కౌంటర్లో టికెట్ కొనాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి, కూర్చోవాలి. మా పడవ నడిపినామె పెద్ద వయసామె, మా జేజి లాగా. ఒకే తెడ్డుతో నింపాదిగా తోసింది. కాగితం దీపం నీళ్లలో వదిలాం, వంతెన కింద తిరిగి వచ్చాం. అయిపోయింది.

ఇందులో నాకు నచ్చింది లాంతర్లు కాదండి. రేటు, టైం, మనుషుల లెక్క, మూడూ ముందే రాసి ఉండటం. ఐదుగురు ఎక్కాల్సిన పడవలో ఆరో మనిషిని ఎక్కించరు. అక్టోబర్, నవంబర్‌లో వరద వచ్చి నది పొంగితే పడవలు ఆపేస్తారు.

అట్లని విదేశం కాబట్టి అంతా సేఫ్ అనుకోవద్దు. అదే వియత్నాంలో 2025 జూలై 19న హాలాంగ్ బేలో టూరిస్టు పడవ గాలివానకు తిరగబడి 35 మందికి పైగా చనిపోయారు. దేశం పేరు చూసి కాదు, ఆ రోజు గాలి చూసి, ఆ పడవ చూసి ఎక్కాలి.

మనకు దగ్గర్లో: అవుకు

ఇప్పుడు మన సంగతి. ఆళ్లగడ్డ, నంద్యాల, బనగానపల్లె వైపు వాళ్లకు సాయంత్రం పడవ అంటే దగ్గర్లో ఉన్నది అవుకు రిజర్వాయర్. ఎర్రమల కొండల మధ్య నీళ్లు. పర్యాటక శాఖ బోటింగ్ అక్కడే ఉంది. అహోబిలం నుంచి అయితే ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్లు వచ్చి, అక్కడి నుంచి కోయిలకుంట్ల మీదుగా పోవాలి. దారిలో కుందూ దాటుతాం. పొద్దున అహోబిలం దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోంచేసి బయలుదేరితే ఎండ తగ్గే టైంకి అవుకులో ఉండొచ్చు. మరుసటి రోజు బెలుం గుహలు, యాగంటి కూడా కలుపుకోవచ్చు.

సరే, అవుకు చుట్టూ చూస్తే అంతా ఎండు నేల, నాపరాయి గనులు. మరి అన్ని నీళ్లు ఎక్కడివి? అవి మొత్తం అక్కడ పడిన వాన నీళ్లు కావు. చాలా వరకు కృష్ణా నీళ్లు. ఎట్లొచ్చాయో చూడండి.

శ్రీశైలం రిజర్వాయర్ నిండుతుంది. దాని పక్క నుంచి పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ద్వారా నీళ్లు కాలువలోకి వస్తాయి. సుమారు 16 కిలోమీటర్లు పోయాక బానకచర్ల దగ్గర మూడుగా చీలతాయి. ఒకటి వెలుగోడు వైపు పోయే తెలుగుగంగ. ఇంకొకటి నిప్పులవాగు మీదుగా కుందూలోకి, కేసీ కాలువ ఆయకట్టుకు. మూడోది శ్రీశైలం కుడి కాలువ, గాలేరు నగరి దారి. ఈ మూడోది గోరకల్లు రిజర్వాయర్‌కు పోయి, అక్కడి నుంచి అవుకుకు వస్తుంది. అవుకు కెపాసిటీ 4 టీఎంసీలు దాటి కొంచెం. అక్కడి నుంచి కొండ కింద సొరంగాల గుండా గండికోట రిజర్వాయర్‌కు పోతాయి. గండికోటది 26.85 టీఎంసీలు.

అంటే మా ఆళ్లగడ్డ పొలాల పక్కన పోయే తెలుగుగంగ నీళ్లు, అవుకులో పడవ కింద ఉన్న నీళ్లు, బానకచర్ల దగ్గర వేరుపడిన అన్నదమ్ములన్న మాట. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అవుకు ఒక బఫర్. పైనుంచి వచ్చేది, కిందికి పోయేది, మధ్యలో కాసేపు ఆగేది.

దీనివల్ల మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. అవుకులో నీటిమట్టం లోకల్ వానను బట్టి మాత్రమే ఉండదు, శ్రీశైలం నిండిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్ తర్వాత నీళ్లు బాగుంటాయి. ఎండాకాలం చివరికి తగ్గిపోతాయి. కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి బోటు తిరుగుతోందో లేదో కనుక్కుని బయలుదేరండి. పిల్లల్ని తీసుకుని అంత దూరం పోయి, గేటు మూసేసి ఉంటే ఏడుపే.

ఇంకో ముచ్చట. రాయలసీమకు పడవ కొత్తది కాదు. సుంకేసుల నుంచి కడప దాకా, సుమారు 300 కిలోమీటర్ల కేసీ కాలువను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వినప్పుడు, సాగునీటికే కాదు, సరుకుల పడవలు తిరగడానికి కూడా అని ప్లాన్ చేశారు. పడవలు తిరిగాయి కూడా. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం తీసుకుంది. తర్వాత రైలు, రోడ్డు వచ్చి పడవలు పోయాయి. మొన్న ఇంట్లో ఈ సంగతి చెప్తే మా నాయన నమ్మలేదు. "కేసీ కాలవలో పడవలా? ఎవురు చెప్పినార్రా నీకు?" అన్నాడు.

పడవ ఎందుకు తిరగబడుతుంది

ఇప్పుడు అసలు విషయం. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి.

వరిగడ్డి ట్రాక్టర్ చూశారు కదా. ట్రాలీ అంచు దాకా నింపితే నింపాదిగా పోతుంది. అదే గడ్డి రెండు నిలువుల ఎత్తు పేర్చితే, చిన్న గుంతలో చక్రం దిగినా పక్కకు ఒరిగిపోతుంది. బరువు ఉన్న ఎత్తు మారింది. పడవ కూడా అంతే. బరువు ఎంత కింద ఉంటే అంత నిలకడ. మనం కూర్చుంటే బరువు కింద ఉంటుంది. లేచి నిలబడితే పైకి పోతుంది. రెండంతస్తుల బోటులో అందరూ పైఅంతస్తు ఎక్కి డాన్స్ చేస్తే ఇంకా పైకి పోతుంది.

రెండోది, పక్క. పడవ ఒరిగినప్పుడు, ఒరిగిన వైపు ఎక్కువ భాగం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు దాన్ని తిరిగి పైకి తోస్తాయి. ఆ తోపుతోనే పడవ మళ్లీ నిటారుగా వస్తుంది. కానీ సూర్యాస్తమయం ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు పోయారనుకోండి, తోపు చాలదు. అంచు నీళ్లకు తగిలి లోపలికి నీళ్లు వచ్చాయంటే, ఆ నీళ్లు కూడా ఒరిగిన వైపుకే పారతాయి. ఇంక కథ సెకన్లలో అయిపోతుంది. ఈత వచ్చినోళ్లకు కూడా బట్టలు, కేకలు, పక్కనోళ్లు పట్టుకోవడం, వీటి మధ్య ఈత గుర్తుండదు.

ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. మన రాష్ట్రంలోనే జరిగింది. 2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఆ పడవకు అనుమతే లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో, పాపికొండలకు పోతున్న రాయల్ వశిష్ట మునిగింది. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. బోటులో 70 మందికి పైగా ఉంటే 26 మంది బయటపడ్డారు. బోటును బయటికి తీయడానికే అక్టోబర్ 22 దాకా పట్టింది, కాకినాడ ధర్మాడి సత్యం బృందం తీసింది. ఆ తర్వాతే రాష్ట్రంలో బోట్లు ఆపేసి, తనిఖీలు, కంట్రోల్ రూమ్‌లు అంటూ రూల్స్ గట్టి చేశారు.

ఈ రెండింటిలో ఎక్కినోళ్లు ఎవరు? మనలాంటోళ్లే. ఆదివారం కుటుంబంతో సరదాగా వచ్చినోళ్లు.

ఎక్కే ముందు ఐదు విషయాలు

ఒకటి. టికెట్ కౌంటర్ ఉన్న బోటే ఎక్కండి. ఒడ్డున ఎవరో వచ్చి "అన్నా, తక్కువలో తిప్పుతా రా" అంటే వద్దని చెప్పండి. మిగిలేది వంద రూపాయలు.

రెండు. బోటు మీద ఎంతమందికి అనుమతి ఉందో రాసి ఉంటుంది. మీరే లెక్కపెట్టండి. చంకలో పిల్ల ఉన్నా లెక్కే. ఎక్కువైతే దిగి, తర్వాతి ట్రిప్‌కు ఆగండి.

మూడు. లైఫ్ జాకెట్ బెల్టులు పూర్తిగా పెట్టుకోవాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాకా జారి వస్తే అది వదులుగా ఉన్నట్టు. నీళ్లలో మీరు కిందికి పోతారు, జాకెట్ పైన తేలుతుంది. పిల్లలకు పెద్దోళ్ల జాకెట్ వేయొద్దు, పిల్లల సైజు అడగండి. ఫోటో బాగా రాదని తీసేసి ఒళ్లో పెట్టుకుంటే అది దిండే, జాకెట్ కాదు.

నాలుగు. గాలి. కొండల మధ్య నీళ్ల మీద సాయంత్రం గాలి ఉన్నట్టుండి లేస్తుంది. అల తెల్లగా విరుగుతుంటే, లేదా పడమట మబ్బు నల్లగా ఉంటే, ఆ రోజు ఒడ్డున కూర్చుని శనక్కాయలు తిని రండి. నీళ్లు రేపు కూడా ఉంటాయి.

ఐదు. చీకటి. హోయి ఆన్‌లో రాత్రి పూట తిప్పుతారు కదా అంటారు. అది ఊరి మధ్య సన్నటి పాయ, రెండు వైపులా దీపాలు, జనం. అవుకు అట్ల కాదు, విశాలమైన రిజర్వాయర్. చీకట్లో ఎవరైనా పడితే కనపడరు. సూర్యుడు కొండ వెనక్కి పోయేలోపు ఒడ్డుకు చేరే ట్రిప్ ఎక్కండి.

నీళ్ల కింద ఏముంది

చివరగా ఒక్క మాట. అవుకుకు వచ్చే నీళ్లు శ్రీశైలంలో ఆగాలంటే సుమారు 100 ఊళ్లు మునిగాయి. అవుకు నుంచి పోయి గండికోటలో నిండాలంటే కొండాపురం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. తాళ్లప్రొద్దుటూరు వాళ్లు 2020లో, నీళ్లు ఇంటి గడప దాకా వస్తుంటే సామాన్లు ట్రాక్టర్లలో వేసుకుని పోయారు. ఆ నీళ్ల వల్ల ఎన్నో పొలాలు పండాయి, అది కూడా నిజమే. మనం సరదాగా తిరిగే నీళ్లకు ఎవరో ఇల్లు ఇచ్చారు. కాబట్టి ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం అందులో వేయకండి. కింద చాలా ఊళ్లు అవే నీళ్లు తాగుతాయి.

మీ వైపు సాయంత్రం పడవ ఎక్కడుంది, అక్కడ జాకెట్లు ఇస్తారా, లెక్క చూస్తారా, కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.