వెనుక గదికి వైఫై: తీగతోనా, తీగ లేకుండానా?

మా సంఘములోని ఒక తల్లికి పక్షవాతము వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. వెనుక గదిలో మంచం మీదనే ఉంటారు. పెద్దకొడుకు కువైట్‌లో పని చేస్తున్నాడు. అక్కడ శుక్రవారము సెలవు గనుక ఆ రోజు వీడియోలో తల్లితో మాట్లాడతాడు. ఒకసారి ప్రార్థనకు వెళ్ళినప్పుడు కోడలు నన్ను అడిగింది: "అయ్యగారూ, ఆయన మొహం కనబడినట్టే కనబడి బొమ్మ ఆగిపోతోంది. ఆరు వేలు పెట్టి మెష్ పెట్టెలు రెండు కొన్నాము. ఇంకొకటి కొంటే సరిపోతుందా?"

మందిరములో మైకులు, తీగలు సరిచేసుకునే అలవాటు వల్ల ఇలాంటివి నా దగ్గరికి వస్తుంటాయి. కొనవద్దమ్మా, ముందు ఇల్లు చూద్దాము అన్నాను. నెహెమ్యా యెరూషలేము చేరిన తరువాత, ఎవరికీ పని సంగతి చెప్పకముందే రాత్రివేళ గోడల వెంబడి తిరిగి చూశాడు కదా. మేము ఫోను చేతపట్టుకొని గది గదీ తిరిగాము.

ఫైబరు ముందు గదిలోకి వస్తుంది. మొదటి పెట్టె అక్కడ ఉన్నది. రెండవది అమ్మగారి మంచం పక్కన. మధ్యలో అడుగున్నర మందము రాతిగోడ, దానికి ఆనించి ఇనుప బీరువా. అయినా మంచం దగ్గర ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉన్నది. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆ గుర్తు చెప్పేది ఫోనుకూ పక్కనున్న పెట్టెకూ మధ్య బలము మాత్రమే. ఆ పెట్టెకు ముందు గదిలోని పెట్టె ఎంతవరకు వినబడుతున్నదో అది చెప్పదు. వేగము కొలిచి చూస్తే ముందు గదిలో 48 మెగాబిట్లు, మంచం దగ్గర 6. ఒక్కోసారి 2.

తీగ లేని మెష్‌లో రెండవ పెట్టె ఫోను మాట విని, అదే మాటను తిరిగి మొదటి పెట్టెకు అందించాలి. తక్కువ ధర పెట్టెల్లో ఈ రెండు పనులూ సాధారణంగా ఒకే రేడియో చేస్తుంది గనుక వేగము సుమారు సగానికి పడిపోతుంది. వరుసలో మూడవది పెడితే మరింత తగ్గుతుంది. మూడు బ్యాండ్లవి కొన్నిటిలో పెట్టెల మధ్య మాటకు వేరే రేడియో ఉంటుంది. ధర ఎక్కువ, పైగా రాతిగోడ దాన్నీ అడ్డుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ అలలు వేగము, కాని గోడలకు తొందరగా నీరసిస్తాయి. 2.4 గోడ దాటుతుంది గాని నెమ్మది.

ముందు ఖర్చు లేని పని చేశాము. సంకేతము లేని చోట రెండవ పెట్టె పెట్టడము, దాహమైనవాడిని ఎండిన బావి దగ్గర నిలబెట్టడము వంటిది. సంకేతము ఇంకా బాగున్న చోట, అంటే సగము దారిలో పెట్టాలి. వసారాలోకి మార్చాము. మంచం దగ్గర 19 వచ్చింది. కొన్ని ఇళ్లకు అంతే చాలు. వీరికి చాలలేదు, సాయంత్రము పిల్లలు ఫోన్లు పట్టుకోగానే మళ్ళీ ఆగింది.

ఇక తీగ వేయాలన్నాను. క్యాట్ 5ఈ రకము తీగ 100 మీటర్ల దూరము వరకు సెకనుకు 1,000 మెగాబిట్లు మోస్తుంది. వీరికి కావలసినది 22 మీటర్లే. పెట్టెకు తీగతో కలిపే సౌకర్యము ఉన్నదో లేదో అట్ట మీద చూసుకున్నాము. దుకాణములో అసలైన రాగిదే అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియము చవక, కాని వంచితే త్వరగా విరుగుతుంది. లోపల నాలుగు జతలుంటాయి. ఒక జత తెగినా వేగము 100కు పడిపోవచ్చు. సంఘములో కరెంటు పని చేసే తమ్ముడు కిటికీ చట్రము మూలన రంధ్రము వేసి, ప్లాస్టిక్ గొట్టములో లాగాడు. కరెంటు తీగలున్న గొట్టములోనే దీన్నీ దూర్చుతానన్నాడు. వద్దన్నాను, అది ప్రమాదము.

అయితే ఆరుబయట ఒక కట్టడము నుండి మరొక కట్టడానికి రాగితీగ లాగకండి. మా ఇంటి నుండి మందిరానికి నేనే లాగి, ఒక వేసవి పిడుగుకు రెండు చివరలా పెట్టెలు పోగొట్టుకున్నాను. అక్కడ ఉక్కుతీగ కలవని ఫైబరు వేయాలి. గాజు గనుక కరెంటు పారదు. లేదా ఆ ఒక్క చోట తీగ లేకుండానే కలపాలి. అద్దె ఇంట్లో గోడ తొలిచే వీలు లేనివారికి కూడా తీగ లేని దారే. రెండు గదుల ఇటుక ఇంటికైతే మెష్ ఎందుకు? ఉన్న రౌటరును ఇంటి నడుమ, ఎత్తున పెట్టి చూడండి. కరెంటు పోయినప్పుడు ఫైబరు పెట్టె, మెష్ పెట్టెలు అన్నీ ఇన్వర్టరు మీద ఉండాలన్న సంగతి మరువకండి.

తీగకు, గొట్టానికి, కూలికి కలిపి 1,400 రూపాయలైంది. రెండవ పెట్టెను మళ్ళీ మంచం పక్కకే తెచ్చి తీగ కలిపితే 47 వచ్చింది. ఆ శుక్రవారము నేను అక్కడే ఉన్నాను. కొడుకు మొహం కదలకుండా, చెదరకుండా వచ్చేసరికి అమ్మగారు ఎడమ చేత్తో ఫోను దగ్గరకు లాక్కున్నారు. "ఏరా, ఇంతగా చిక్కిపోయావేం?" అన్నారు.