రాయి – రత్నం: ‘చివరకు మిగిలేది’ నవలలో ప్రతీకలు

తొలకరి జల్లులు పడగానే కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల ఎర్రనేలల్లో ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. చేలల్లో విత్తనానికి సిద్ధమయ్యే రైతులతోపాటు, తలలు వంచి నేలను వెదకుతూ నడిచే మనుషులు కనిపిస్తారు. వాననీటికి పైమట్టి కొట్టుకొనిపోగా తేలిన రాళ్ళలో వజ్రం దొరుకుతుందేమోనని వారి ఆశ. దొరికేది ఏ ఒక్కరికో. వట్టిచేతులతో మరలిపోయేవారే ఎక్కువ. అయినా మరుసటి ఏడు మళ్ళీ వస్తారు. వారు వెదకేది రాయినే. కాని వారి దృష్టిలో అది కేవలం రాయి కాదు. తీరబోయే అప్పు, జరగబోయే పెళ్ళి, దాటబోయే కరవు. ఈ విధంగా ఒక వస్తువు తన సహజరూపాన్ని కోల్పోకుండానే తనకు మించిన అర్థాన్ని వహించినప్పుడు దానిని ‘ప్రతీక’ అంటాము.

ప్రతీకకూ ఉపమకూ భేదమున్నది. ‘ముఖము చంద్రుని వలె ఉన్నది’ అన్నప్పుడు పోలిక ఏమిటో కవియే చెబుతాడు. ఆ వాక్యంతో దాని పని చాలావరకు ముగుస్తుంది. ప్రతీక అట్లా కాదు. రచయిత దానిని కథలో ఒక వస్తువుగా నిలిపి ఊరుకుంటాడు. అది మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ, కథ సాగేకొద్దీ కొత్త అర్థాలను సంతరించుకొంటుంది. ఆ అర్థాలను కనుగొనవలసినవాడు పాఠకుడే.

ఇరవయ్యవ శతాబ్దపు ఆధునిక నవలకు ప్రతీక ప్రధానమైన ఉపకరణమయింది. బాహ్యసంఘటనలకంటె మనిషి అంతరంగానికి ఈ నవలాకారులు ప్రాధాన్యమిచ్చారు. మనస్సు కంటికి కనిపించదు. దానిని చూపడానికి కంటికి కనిపించే వస్తువు కావాలి. ఆంగ్ల రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ 1927లో వెలువరించిన ‘టు ది లైట్‌హౌస్’ నవలలో దూరాన వెలిగే దీపస్తంభం ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క రీతిగా తోచడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తెలుగులో 1940 దశకంలో ఇటువంటి దృష్టితో వెలువడిన నవలలలో బుచ్చిబాబు రచించిన ‘చివరకు మిగిలేది’ ముఖ్యమైనది.

బుచ్చిబాబుగా ప్రసిద్ధులైన శివరాజు వెంకట సుబ్బారావు 1916లో ఏలూరులో జన్మించి, 1967లో మరణించారు. కొంతకాలం అనంతపురంలో ఆంగ్లోపన్యాసకులుగా పనిచేశారు. వారు చిత్రకారులు కూడా. రాయలసీమ నేలను చూచిన ఆ కన్ను ఈ నవలలో కనిపిస్తుంది. ‘చివరకు మిగిలేది’ 1946–47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వెలువడింది.

నవలానాయకుడు దయానిధి వైద్యుడు. తల్లి నడవడిని గూర్చి లోకం వేసిన నింద అతణ్ణి నీడవలె వెంటాడుతుంది. ఆ నింద కారణంగా అతడు మనుషులను పూర్తిగా ప్రేమించలేడు, పూర్తిగా ద్వేషించలేడు. కోమలి, అమృతం, ఇందిర మొదలైన స్త్రీలతో అతనికి కలిగిన పరిచయాలలో ఏదీ అతనికి నిలకడైన శాంతిని ఇవ్వదు. కోస్తా ప్రాంతాన్ని విడిచి అతడు రాయలసీమకు వస్తాడు.

ఈ పాత్రల పేర్లను గమనించండి. కోమలి అంటే సుకుమారి. అమృతం మృత్యువును జయింపజేసేది. ఇందిర అంటే లక్ష్మి. కథానాయకుని పేరులోనే ‘నిధి’ ఉన్నది. దయకు నిధి కావలసిన మనిషి తనలో ఆ నిధి ఉన్నదో లేదో తెలియక, దానిని ఇతరులలో వెదకుతూ తిరుగుతాడు. ఆ వెదకులాటే నవల ఇతివృత్తం. అందుచేత పేరు ఇక్కడ కేవలం పిలుపు కాదు. పాత్ర స్వభావానికి తాళపుచెవి.

ఇక రెండవ ప్రతీక రాళ్ళనేల. పచ్చని పైరుల నడుమ పెరిగిన దయానిధి చెట్టు నీడ కరవైన నేలపై అడుగుపెడతాడు. లోకులకు దూరమై అతని హృదయం ఎంత ఎండిపోయిందో రచయిత వ్యాఖ్యానించనవసరం లేకుండానే ఆ నేల తెలియజేస్తుంది. అయితే ఆ రాళ్ళ నడుమనే అతనికి వజ్రం లభిస్తుంది. దానితో సంపద సమకూరుతుంది. మనం కథ సుఖాంతమని భావించే చోటునే రచయిత అసలు ప్రశ్న వేస్తాడు. వెలుపలి నిధి దొరికినా లోపలి నిధి దొరకలేదు. పాత నింద అతణ్ణి విడువదు. కూడిన సంపద అతనికి శాశ్వతం కాదు. వజ్రం కూడా రాయియే అని అతడు గ్రహించవలసి వస్తుంది. అన్నీ పోగా మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు, తనతో తాను సమాధానపడటమే అన్న భావన తప్ప వేరు జవాబు నవలలో లభింపదు. రాయి, వజ్రం అనే రెండు ప్రతీకలు ఈ విధంగా పాత్రను నడిపించి, ఇతివృత్తాన్ని శీర్షిక వరకు చేర్చాయి.

ఇక్కడ కర్నూలు, కడప ప్రాంతాల విద్యార్థికి ఒక సందేహం కలగడం సహజం. ‘మా సీమ మరొకరి మనోవేదనకు గుర్తుగా మిగలవలసిందేనా? ఎండిన హృదయానికి మా నేలనే ఎందుకు చూపాలి?’ ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో స్థిరపడింది. ఆ పేరును ‘రాళ్ళసీమ’ అని ఎగతాళి చేసినవారున్నారు. ‘రతనాల సీమ’ అని పొగడినవారున్నారు. ఈ రెండింటిలోనూ ఇక్కడి మనిషి నిత్యజీవితం కనిపించదు. కడప బండలు పరచిన ఇంట నడిచే బిడ్డకు, బేతంచెర్ల రాతిపనితో బ్రతికే కుటుంబానికి రాయి శూన్యతకు గుర్తు కాదు; అది నేల, గడప, అన్నం.

అందువల్ల ప్రతీకను చదివేటప్పుడు అది ఎవరి కన్నుతో చూచినదో అడగాలి. ‘చివరకు మిగిలేది’లో మనం చూచే రాళ్ళసీమ దయానిధి మనస్సులోనిది. అది ఈ ప్రాంతంపై ఇచ్చిన తీర్పు కాదు. ఇదే నేలను ఇక్కడ పుట్టినవారు చూస్తే ప్రతీకలు మారుతాయి. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రచించి, 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన ‘కొండపొలం’ ఇందుకు నిదర్శనం. కరవుకాలంలో మేతకోసం, నీటికోసం గొర్రెలను నల్లమల అడవికి తోలుకొనిపోవడాన్ని కొండపొలం అంటారు. ఆ కాపరుల వెంట నడిచిన చదువుకొన్న యువకునికి ఎదురయ్యే పులి నిజమైన పులియే. మందను కబళించగల మృగమే. అయితే అదే అతని లోపలి భయానికి కూడా రూపం. పులికి ఎదురు నిలిచినవాడు తన పిరికితనానికీ ఎదురు నిలుస్తాడు. ఇక్కడ కరవు మనోభావానికి గుర్తుగా ప్రవేశించలేదు. మనుషులను కదిలించే కారణంగా ప్రవేశించింది.

ఈ రెండు నవలల నుండి మనం ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. ప్రతీక మొదట నిజమైన వస్తువుగా నిలవాలి. ఆ పిమ్మటనే దానికి లోతు కలుగుతుంది. పులికి కోరలు లేకపోతే అది భయానికి ప్రతీక కాజాలదు. రాయికి బరువు లేకపోతే అది దుఃఖానికి ప్రతీక కాజాలదు. కనుక నవలను చదివేటప్పుడు మళ్ళీ మళ్ళీ కనిపించే వస్తువును గుర్తించండి. అది కనిపించినప్పుడెల్ల పాత్రలో ఏ మార్పు వచ్చిందో గమనించండి. ఆ తరువాతనే దాని అర్థాన్ని నిర్ణయించండి. జొన్నగిరి చేలలో వజ్రాన్ని వెదకేవారు కూడా ముందుగా ప్రతి రాయినీ చేతిలోకి తీసుకొని చూస్తారు.