అచ్చు వేసే సోలార్ పలకలు: మన్నికే అసలు చిక్కు

పేపరు అచ్చు వేసినట్టే సోలార్ పలకను కూడా అచ్చు వేయవచ్చు. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని సిరాలా కలిపి గాజుపై పల్చగా పూస్తే, ఆ పొర ఎండను కరెంటుగా మారుస్తుంది. సిలికాన్ కరగాలంటే 1,400 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ఈ పొర ఆరడానికి 100-150 డిగ్రీలు చాలు. అందుకే చవకగా వస్తుందని ఆశ.

2009లో జపాన్‌లో మియసాకా బృందం చేసిన తొలి సెల్ ఎండలో 3.8 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో చిన్న సెల్‌లు 25 శాతం దాటాయి. పెద్ద పలకల్లో మాత్రం పొర అంతటా ఒకేలా పరుచుకోక కరెంటు తగ్గుతోంది.

పైగా ఈ పదార్థం ఉప్పులాంటిది. తేమ తగిలితే విడిపోతుంది, వేడికీ చెడుతుంది. ఇందులో సాధారణంగా సీసం ఉంటుంది కనుక, పలక పగిలి వాన నీరు చేరితే అది మట్టిలో కలిసే ప్రమాదముంది. అందుకే గాజు పలకల మధ్య పెట్టి అంచులకు గట్టిగా సీలు వేస్తారు.

2014లో చైనాలోని వూహాన్ శాస్త్రజ్ఞులు పైన మందపాటి కార్బన్ పొర అచ్చు వేశారు. ఆ సెల్ 12.8 శాతం కరెంటు ఇచ్చి, పూర్తి వెలుతురులో 1,000 గంటలకు పైగా నిలిచింది. రోజుకు 8 గంటల ఎండ చొప్పున లెక్కేస్తే అది నాలుగు నెలలే! సిలికాన్ పలకలకు మామూలుగా 25 ఏళ్ల హామీ ఇస్తారు.

కనుక రైతు సోదరులు బోరు మోటారుకు ప్రస్తుతం సిలికాన్ పలకలే పెట్టుకోవడం మేలు. ఎవరైనా కొత్తరకం చవకంటూ వస్తే, ఎన్నేళ్లు పనిచేస్తుందో కాగితం మీద రాసివ్వమని అడగండి.