డబ్బు గుర్తుపెట్టుకునేది ఏమిటి?

2018లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలకు, అంటే నేత జంపఖానాలకు, ఆ ఊళ్లోని కొత్తవాడే నెలవు. అక్కడ మగ్గం మీద కూర్చునే ఒకామెకు బియ్యం కావాలనుకుందాం. కిరాణా ఆయనకు దర్రీ అక్కర్లేదు, వైద్యం కావాలి. డాక్టరుకేమో దర్రీ కావాలి. ఒక్కోదాని విలువ 900 రూపాయలు. డాక్టరు చేతిలోంచి బయల్దేరిన నోట్లు ఆమె దగ్గరికి, అక్కణ్నుంచి కిరాణాకు, చివరికి మళ్లీ డాక్టరు దగ్గరికే చేరతాయి. ముగ్గురి అవసరమూ తీరింది, నోట్లు మొదట ఉన్నచోటే ఉన్నాయి. మరి అవి చేసిన పనేమిటి?

దీనికి గణితంతో జవాబు చెప్పిన ఆర్థికవేత్త నారాయణ కొచ్చెర్లకోట. ఇంటిపేరులోనే తెలుగు మూలం కనిపిస్తుంది; పుట్టింది మాత్రం అమెరికాలో, 1963లో. 1998లో 'జర్నల్ ఆఫ్ ఎకనామిక్ థియరీ'లో అచ్చయిన ఆయన పరిశోధనా పత్రం పేరు 'మనీ ఈజ్ మెమొరీ', అంటే డబ్బంటే జ్ఞాపకమే అని.

ఆయన వాదన ఇది. ఎవరు ఎవరికి ఏమిచ్చారో, ఏం తీసుకున్నారో రాసిన ఖాతా పుస్తకం ఒకటి ఊరందరికీ తెరిచి ఉంటే, నోటు చేసే పనంతా ఆ పుస్తకమే చేయగలదు. నేతామె పద్దులో 900 ఇచ్చింది, 900 తీసుకుంది, బాకీ సున్నా. మిగతా ఇద్దరిదీ అంతే. అంటే చేతిలో ఉన్న నోటు ఒక సాక్ష్యం: 'ఈమె ఎవరికో పని చేసిపెట్టింది, దానికి బదులు ఇంకా తీసుకోలేదు.' పైగా పుస్తకానికి మనిషి పాత నడవడి అంతా తెలుసు. నోటుకు అది తెలియదు.

అయితే నోట్లెందుకు? లక్షలమంది ఉన్న ఊళ్లో అందరూ చూడగల, అందరూ నమ్మగల పుస్తకం లేదు కనుక. ఫోనుతో స్కాన్ చేసి చెల్లించినప్పుడు కదిలేవి బ్యాంకు ఖాతాల్లోని అంకెలే. కానీ ఆ పద్దులు బ్యాంకులకు కనిపిస్తాయి, పక్కింటివాళ్లకు కనిపించవు. అందరికీ తెరిచి ఉంచిన పద్దు మీద నడిచే బిట్‌కాయిన్ 2009లో వచ్చాక, ఆర్థికవేత్తలు ఈ పత్రాన్ని మళ్లీ తెరిచారు. బిట్‌కాయిన్‌ను కొచ్చెర్లకోట ముందే ఊహించారనడం మాత్రం సరికాదు. డబ్బు అసలు ఎందుకు పుట్టిందో తేల్చుకోవడమే ఆయన లక్ష్యం.

ఈయన కాగితాల దగ్గరే ఆగిపోలేదు. 2009 నుంచి 2015 దాకా, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్)లో భాగమైన మినియాపొలిస్ బ్యాంకు అధ్యక్షుడిగా ద్రవ్య విధానంలో, అంటే వడ్డీ రేట్లూ డబ్బు అందుబాటూ సర్దే పనిలో పాలుపంచుకున్నారు. ఆయనలో నాకు ఎక్కువ నచ్చింది, అభిప్రాయం మార్చుకోగలగడం, ఇక్కడే ఉంది. ఖాళీలకూ పనివాళ్లకూ పొంతన కుదరకపోవడమే నిరుద్యోగానికి ప్రధాన కారణమని, దాన్ని కేంద్ర బ్యాంకు సరిచేయలేదని 2010లో అన్నారు. 2011లో రెండు ఫెడ్ సమావేశాల్లో, డబ్బును మరింత చవక చేసే నిర్ణయాలకు వ్యతిరేకంగా ఓటేశారు. 2012 సెప్టెంబరులో ఆ అభిప్రాయం మార్చుకున్నారు: ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, 2.25 శాతం దాటే సూచన లేనంతకాలం, నిరుద్యోగం 5.5 శాతానికి దిగేదాకా వడ్డీ పెంచొద్దన్నారు. పనిలో ఉన్నవాళ్లూ పని వెతికేవాళ్లూ కలిపి 200 మంది ఉంటే, 11 మంది ఖాళీగా ఉండే స్థాయి అది. షికాగో ఫెడ్ అధ్యక్షుడు చార్లెస్ ఎవాన్స్ ఇలాంటి గీతల గురించి అంతకుముందే చెప్పారు. ఆ డిసెంబరులో ఫెడ్ నిరుద్యోగానికి 6.5, ద్రవ్యోల్బణానికి 2.5 శాతాలను ఎంచుకుంది. అంటే నిరుద్యోగులు 200 మందిలో 13 మంది.

అమెరికా గీతలతో కొత్తవాడకు ఏం పని? మన దగ్గరా ఇలాంటి గీత ఉంది. రిజర్వ్ బ్యాంకుకు 2016 నుంచి ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం. కింద 2, పైన 6 హద్దులు. లక్ష రూపాయల అప్పు మీద వడ్డీ ఒక శాతం పెరిగితే ఏడాదికి 1,000, నెలకు దాదాపు 83 రూపాయల అదనపు భారం. అప్పు లేనివాళ్లకూ లెక్క తప్పదు. నేతామె దాచుకున్న 900, ధరలు 4 శాతం పెరిగితే ఏడాది తర్వాత ఇవాళ్టి 865 రూపాయల సరుకే కొంటుంది. 6 శాతం పెరిగితే 849. దర్రీకి ఇచ్చే కూలి కూడా కదలకపోతే, వచ్చే ఏడాది నేసే ప్రతి 900 రూపాయల పనిలోనూ అంతే కోత పడుతుంది.